నాన్న వాటా, ఇంటి కప్పు

అక్కలారా! ఈ పాఠంలో ఒక ఇంటి కథ ఉంది. కొంచెం చట్టం ఉంది. కొంచెం లెక్క కూడా ఉంది. నలుగురు కూర్చుని గట్టిగా చదవండి. తెలియని మాట వస్తే ఆగండి. పాఠం చివర కొత్త మాటలు ఉన్నాయి, చూసుకోండి.

1. వాటా వచ్చింది

ఒక ఊళ్ళో ఒక కోడలు ఉంది. ఆమె తండ్రి వీలునామా రాయకుండానే చనిపోయాడు. ఆయన తన కష్టంతో కొన్న పొలం ఉంది. పొలం అమ్మితే 8 లక్షల రూపాయలు వచ్చాయి.

పెద్దన్న అన్నాడు: "చెల్లీ! నీ పెళ్ళికి కట్నం ఇచ్చాం. పసుపు కుంకుమలు పెట్టాం. ఇంక వాటా ఏంటి?"

తల్లి ఊరుకోలేదు. "కట్నం ఇచ్చింది మీ నాన్న. దానికీ దీనికీ ముడి పెట్టకు. నలుగురం ఉన్నాం. నాలుగు భాగాలు చెయ్యి" అంది.

తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మొత్తం నలుగురు. ఒక్కొక్కరికి 2 లక్షలు వచ్చాయి. కోడలు తన డబ్బు చేతికి తీసుకోలేదు. తన పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాలో వేయించుకుంది.

2. చట్టం ఏమంటుంది?

హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన సొంత ఆస్తి పంచాలి. భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా పంచాలి. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు కూడా ఒక వాటా ఇవ్వాలి.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. అందులో పుట్టుకతో హక్కు ముందు కొడుకులకే ఉండేది. మన ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చట్టం మార్చారు. 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళకు కూడా ఆ హక్కు ఇచ్చారు. అయితే ఆ నాటికి పెళ్ళికాని కూతుళ్ళకే ఇచ్చారు. తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కొత్త మార్పు వచ్చింది. పెళ్ళయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. తండ్రి ఆ తేదీకి ముందే చనిపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే సరిగ్గా పంపకాలు అయిపోతే వాటిని తిరగదోడరు.

కట్నం తీసుకున్న కూతురికి వాటా లేదని చట్టంలో ఎక్కడా లేదు.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ నియమాలు వేరే ఉన్నాయి. వాళ్ళలో కూడా కూతురికి వాటా ఉంది. ముస్లింలలో కూతురి వాటా కొడుకు వాటాలో సగం. క్రైస్తవులలో వీలునామా లేకపోతే బిడ్డలందరికీ సమానం.

ఇంకో మాట గుర్తు పెట్టుకోండి. హిందూ స్త్రీకి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఆమె సొంతం. భర్తది కాదు, అత్తమామలది కాదు. ఏం చేయాలో ఆమే నిర్ణయించుకోవచ్చు.

3. ఇల్లు కారుతోంది

కోడలు ఉండేది పాత పెంకుటిల్లు. మామ కట్టిన ఇల్లు. మట్టి గోడలు, టేకు దూలాలు, బెంగుళూరు పెంకులు. మామ చనిపోయాడు. వానొస్తే ఇంట్లో నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాలి.

డబ్బు వచ్చిందని తెలియగానే ఇంట్లో తలా ఒక మాట అన్నారు.

భర్త: "పైకప్పు పీకేసి స్లాబు వేద్దాం."

అత్త: "ముందు సిమెంటు పూత పూసి రంగులు వేయించు అమ్మాయ్. చూసేవాళ్ళకు బాగుంటుంది."

కోడలు: "మేస్త్రిని పిలిచి అడుగుదాం అత్తయ్యా. ఇల్లు ఏం చెబుతుందో ముందు చూద్దాం."

మేస్త్రి వచ్చాడు. దూలాన్ని సుత్తితో కొట్టి చూశాడు. బోలు శబ్దం వచ్చింది. మేకు గుచ్చితే సులభంగా దిగింది. గోడ మీద సన్నని మట్టి దారులు చూపించాడు. అవి చెదలు నడిచే దారులు.

మేస్త్రి: "అమ్మా! ఈ మట్టి గోడలు స్లాబు బరువు మోయవు. సిమెంటు పూత కూడా వద్దు. మట్టి గోడకు అది సరిగ్గా పట్టదు. లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు. కొన్నాళ్ళకు పెచ్చులు ఊడిపోతుంది. సున్నమే మంచిది. ముందు కప్పు బాగు చేయండి. తర్వాత గోడ అడుగున నీళ్ళు నిలవకుండా చూడండి. రంగులు ఆఖరి పని."

అత్తకు కోపం వచ్చింది. కానీ రాత్రి వాన కురిసింది. ఆమె మంచం మీదే నీళ్ళు పడ్డాయి. పొద్దున్నే "కప్పే ముందు కానివ్వండి" అంది.

4. ఇల్లు ఎవరిది?

కోడలు సంఘం మీటింగుకు వెళ్ళి సంగతి చెప్పింది. సంఘం లీడరు ఒక ప్రశ్న అడిగింది: "డబ్బు నీది. మరి ఇల్లు ఎవరిది?"

కోడలు ఆలోచించింది. మామ వీలునామా రాయలేదు. అంటే ఇంట్లో అత్తకు ఒక వాటా, భర్తకు ఒక వాటా. ఇంకా ఎవరు? ఆడబిడ్డ! తండ్రి పొలంలో తనకు వాటా వచ్చింది కదా. అలాగే ఈ ఇంట్లో ఆడబిడ్డకూ వాటా ఉంది. మూడు వాటాలు. అందులో కోడలి వాటా ఏమీ లేదు.

చాలామంది ఇక్కడే నష్టపోతారు. పుట్టింటి డబ్బు అంతా అత్తింటి గోడల్లో కలిసిపోతుంది. రేపు గొడవ వస్తే చేతిలో కాగితం ఉండదు.

కోడలు ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడింది. ఆడబిడ్డను కూడా పిలిపించింది.

కోడలు: "మా నాన్న సొమ్ము ఈ ఇంటికి పెడతాను. నాకూ ఈ ఇంట్లో హక్కు ఉండాలి కదా అత్తయ్యా?"

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నా వాటా నీకు రాసిస్తాను. కానీ నేను బతికినన్నాళ్ళూ ఈ ఇంట్లోనే ఉంటాను."

ఆడబిడ్డ: "నా వాటా నాకే ఉండనీ వదినా. నేను అమ్మమని అడగను. పుట్టింటికి వస్తే పడుకోవడానికి ఒక చోటు ఉండాలి. కప్పు బాగు చేస్తానంటే నాకు సంతోషమే."

వాళ్ళు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళారు. అత్త తన వాటాను కోడలికి దానం కింద రిజిస్టరు చేసింది. తాను బతికినన్నాళ్ళు ఉండే హక్కు కూడా అందులో రాయించుకుంది. ఆ ఖర్చు భర్త పెట్టుకున్నాడు. ఇల్లు, భూమి దానం ఇస్తే తప్పకుండా రిజిస్టరు చేయాలి. నోటి మాట చెల్లదు. తెల్ల కాగితం మీద రాసుకుంటే చాలదు. పంచాయతీ ఇంటి పన్ను రసీదు ఒక్కటే ఉంటే ఇల్లు మనదని అనుకోకూడదు.

కోడలు సంతకం పెట్టే ముందు దస్తావేజు చదివింది. తన పేరు, హద్దులు, వాటా సరిగ్గా ఉన్నాయా అని చూసింది. మనం చదువు నేర్చింది ఇందుకే కదా!

5. ఖర్చు లెక్క

పని వేసవిలో మొదలుపెట్టారు. మృగశిర కార్తెకు ముందే కప్పు పూర్తి కావాలి. మేస్త్రి చెప్పింది కోడలు నోటు పుస్తకంలో రాసింది.

కప్పు విప్పి కట్టే కూలి: 45,000
ఒక దూలం, వాసాలు: 40,000
కొత్త పెంకులు: 20,000
గోడ చుట్టూ గట్టు, కాలువ: 15,000
కరెంటు వైర్లు: 12,000
సున్నం: 8,000
మొత్తం: 1,40,000 రూపాయలు

(ఇవి లెక్క నేర్చుకోవడానికి వేసిన అంకెలు. మీ ఊళ్ళో ధరలు వేరే ఉంటాయి.)

పాత ఇల్లు విప్పితే కొత్త కష్టాలు బయటపడతాయి. అందుకని కోడలు మొత్తంలో పదో వంతు, అంటే 14,000 విడిగా పెట్టింది. అది మంచిదయింది. పెంకులు దించాక రెండో దూలం కూడా చెదలు తినేసి కనిపించింది. దానికి 11,000 అయింది.

కూలి ఒకేసారి ఇవ్వలేదు. మూడు వాయిదాలు పెట్టుకుంది. పని మొదట 15,000. వాసాలు బిగించాక 15,000. పెంకులు కప్పి, పైన పది బిందెల నీళ్ళు పోసి, చుక్క కారలేదని చూశాక చివరి 15,000. ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసి మేస్త్రి చేత సంతకం చేయించుకుంది. బిల్లులన్నీ ఒక సంచిలో దాచింది. మంచి పాత పెంకులు పారేయలేదు. కడిగి మళ్ళీ వాడింది.

మిగిలిన డబ్బు బ్యాంకులో ఆమె పేరు మీదే ఉంది. భర్త ట్రాక్టరుకు అడిగాడు. "అది నా పిల్ల చదువుకు" అంది. ఇంట్లో రెండు రోజులు మాటలు లేవు. మూడో రోజు మామూలే.

గుర్తు పెట్టుకోండి

- వాటా డబ్బు మీ పేరు మీదే ఖాతాలో వేయండి.
- ఖర్చు పెట్టే ముందు ఇల్లు ఎవరి పేరున ఉందో తెలుసుకోండి.
- ముందు కప్పు, తర్వాత నీళ్ళు పోయే దారి, చివర సున్నం.
- చదవకుండా సంతకం పెట్టకండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.
- ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. కోర్టు దగ్గర న్యాయ సేవల ఆఫీసులో అడగండి. 15100కు ఫోను చేసినా చెబుతారు.

కొత్త మాటలు

వీలునామా: చనిపోయాక ఆస్తి ఎవరికో ముందే రాసి పెట్టిన కాగితం
దస్తావేజు: ఆస్తి హక్కు రాసిన పత్రం
వారసత్వం: చనిపోయినవారి నుంచి వచ్చే హక్కు
వాయిదా: విడతగా ఇచ్చే డబ్బు

చెప్పండి

1. పొలం డబ్బు ఎన్ని భాగాలు చేశారు? ఎందుకు?
2. మేస్త్రి స్లాబు ఎందుకు వద్దన్నాడు?
3. ఆడబిడ్డకు ఇంట్లో వాటా ఎలా వచ్చింది?
4. 2,00,000లో 1,40,000, మళ్ళీ 11,000 ఖర్చయ్యాయి. బ్యాంకులో ఎంత మిగిలింది?

మాట్లాడుకోండి

ఆడబిడ్డ వాటా అడిగితే మనకు కోపం వస్తుంది. మనం పుట్టింట్లో అడిగితే న్యాయం అంటాం. ఈ రెండూ ఒకటేనా? మీ సంఘంలో చర్చించండి.

చేయండి

మీరు ఉండే ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ఇంట్లో కాగితాలు తీయించి మీరే చదవండి. తెలిసింది మీ నోటు పుస్తకంలో మూడు వాక్యాలు రాయండి.