జీవామృతంలో బెల్లం ఎక్కువేస్తే త్వరగా తయారవుతుందా?

"అన్నా, జీవామృతం రేపటికే కావాలి. బెల్లం రెండు కిలోలకి బదులు ఐదు కిలోలు వేసేదా?" అని చాలామంది అడుగుతున్నారు. ఒకసారి నేనూ అలాగే వేసి నష్టపోయా.

నేను జీవామృతం తయారుచేసి చుట్టుపక్కల రైతులకి క్యాన్లలో అమ్ముతుంటా. పోయిన మే నెలలో చెట్టు కింద చోటు చాలక ఒక నల్ల డ్రమ్ము ఎండలోనే ఉంచేశా. రెండో రోజుకి కూడా నురగ రాలేదు. బెల్లం చాలలేదేమో అనుకుని, డ్రమ్ముని నీడలోకి జరిపి ఇంకో మూడు కిలోలు కలిపా. తర్వాత అదే క్యాన్లలో పోసి ఇచ్చా. ఒక పెద్దాయన క్యాను వెనక్కి తెచ్చి, "పులిసిన కల్లులా ఉంది నాయనా, మొక్కకెట్టా పోసేది?" అన్నాడు. అందరికీ డబ్బులు తిరిగిచ్చేశా. డిప్లొమాలో మార్కుల కోసం బట్టీపట్టిన ఎంజైముల పాఠాన్ని అప్పుడు మళ్లీ తీశా.

డ్రమ్ములో పని చేసేది సూక్ష్మజీవులు. వాటి పనిముట్లు ఎంజైములు. బెల్లంలోని చక్కెరని ఇన్వర్టేజ్ అనే ఎంజైము గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. మూత్రంలోని యూరియాని యూరియేజ్ అమ్మోనియాగా మారుస్తుంది. శనగపిండిలోని మాంసకృత్తుల్ని విడగొట్టేవి వేరే ఉన్నాయి.

ఎంజైములు దాదాపు అన్నీ ప్రొటీన్లే. అందుకే వేడి సంగతి ముఖ్యం. చలి నుంచి పైకి వచ్చేకొద్దీ ప్రతి 10 డిగ్రీలకి పని వేగం దాదాపు రెట్టింపవుతుంది, కానీ ఒక హద్దు వరకే. అది దాటితే ఎంజైము ఆకారం చెడిపోతుంది. ఉడికిన గుడ్డు చల్లారినా మళ్లీ పచ్చి గుడ్డు కాదు కదా, ఇదీ అంతే. చలికి మాత్రం ఎంజైము చెడదు, నెమ్మదిస్తుంది.

వీడియోలో మూడు గ్లాసులతో చూపించింది ఇదే. ఒకే సైజు బంగాళదుంప ముక్కలు మూడు తీసుకున్నా. ఒకటి ఫ్రిజ్‌లోది, ఒకటి మామూలుది, ఒకటి ఉడికించి చల్లార్చింది. మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ మూడింటి మీదా పోశా. మామూలు ముక్క బుసబుసా పొంగింది. ఫ్రిజ్ ముక్క మెల్లగా మొదలై, చల్లదనం తగ్గేకొద్దీ పుంజుకుంది. ఉడికిన దాంట్లో బుడగ కూడా లేదు. ఇంట్లో చేస్తే కళ్లలో పడకుండా చూసుకోండి, పిల్లలకి ఇవ్వొద్దు.

ఇక బెల్లం సంగతి. మార్కెట్ యార్డులో కాటా ఒక్కటే ఉంటే, బస్తాలు పదొచ్చినా వందొచ్చినా గంటకి తూగేవి తూగుతాయి, మిగతావి వరసలో ఉంటాయి. ఎంజైము కాటా, బెల్లం బస్తాలు. బస్తాలు తక్కువుంటే కాటా ఖాళీగా ఉంటుంది కాబట్టి కొన్ని పెంచితే పని పెరుగుతుంది. కాటా నిండాక పెరగదు. 1913లో మైకేలిస్, మెంటెన్ ఈ లెక్కని సూత్రంగా రాసింది కూడా ఇన్వర్టేజ్ మీద ప్రయోగాలు చేసే.

అయితే మన డ్రమ్ములో సూక్ష్మజీవులు పెరుగుతాయి కాబట్టి కాటాలూ పెరుగుతాయి. దానికి టైము కావాలి. ఈలోగా ఎక్కువైన తీపిని ఈస్టు, పులుపు చేసే బ్యాక్టీరియా అందుకుంటాయి. నా డ్రమ్ము పులిసింది అలాగే.

ఇప్పుడు నేను 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, బెల్లం రెండు కిలోలు, శనగపిండి రెండు కిలోలు, గుప్పెడు గట్టు మట్టి దాటను. డ్రమ్ము నీడలోనే, పైన తడి గోనెపట్టా. రోజుకి రెండుసార్లు కర్రతో కలుపుతా. వేసవిలో 48 గంటలు చాలు. డిసెంబరులో మాత్రం ఇంకో రెండు రోజులు ఆగుతా, ఎవరు తొందరపెట్టినా బెల్లం పెంచను.