విగతకుమారన్

మూకీల కాలంలో మన దేశపు నిర్మాతలు అధికంగా పురాణకథలనే ఆశ్రయించారు. మాటలు లేని తెరపై భీష్ముడో కీచకుడో కనిపించినప్పుడు ప్రేక్షకునికి కథ వేరుగా చెప్పవలసిన పనిలేదు. మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో నిర్మించిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఇందుకు నిదర్శనం. అటువంటి రోజులలో తిరువాన్కూరు సంస్థానానికి చెందిన జె.సి. డేనియల్ అనే యువకుడు ఒక సాంఘిక గాథను తెరకెక్కించడానికి సాహసించాడు. మలయాళ దేశపు తొలి కథాచిత్రమైన 'విగతకుమారన్' అదే. తప్పిపోయిన బిడ్డ అని ఆ పేరుకు అర్థం.

డేనియల్ తన భూములు విక్రయించి, తిరువనంతపురంలోని పట్టంలో ట్రావంకూర్ నేషనల్ పిక్చర్స్ అనే స్టూడియోను నెలకొల్పాడు. కథారచన, దర్శకత్వం, ఛాయాగ్రహణం, కథానాయక పాత్ర అన్నీ తానే నిర్వహించాడు. ప్రతినాయకుడు భూతనాథునిగా జాన్సన్ నటించాడు. బాలుని పాత్రను డేనియల్ కుమారుడే ధరించాడు.

ధనవంతుని కుమారుడు చంద్రకుమారుని భూతనాథుడు అపహరించి సింహళానికి తీసుకొనిపోతాడు. బాలుడు అక్కడి తోటలలో కూలివాడుగా పెరిగి, క్రమంగా పర్యవేక్షకుడౌతాడు. దూరపు బంధువైన జయచంద్రుడు సింహళానికి వచ్చి, ఎవరో తెలియకయే అతనితో స్నేహం చేస్తాడు. ఇద్దరూ తిరువాన్కూరు చేరిన పిమ్మట జయచంద్రుడు సరోజినిని ప్రేమిస్తాడు. చివరకు చంద్రకుమారుని వీపుమీది మచ్చ అతడు సరోజినికి తోడబుట్టినవాడని తెలియజేస్తుంది. శకుంతల కథలో ఉంగరం చేసిన పనిని ఇక్కడ మచ్చ చేసినది. ఆనవాలుతో ముడి విప్పడం మన కావ్యనాటకాలకు చిరపరిచితమే. ఈ కల్పనలో గొప్ప నూతనత్వం ఉన్నదని చెప్పలేము.

నూతనత్వం పాత్రధారణలో ఉన్నది. కులస్త్రీలు నటనకు ముందుకు రాని ఆ కాలంలో సరోజిని పాత్రకు పి.కె. రోసీ అనే దళిత యువతిని డేనియల్ ఎన్నుకొన్నాడు. ఆమె పులయ కులంలో జన్మించి, గడ్డికోసి జీవించిన శ్రామికురాలు. కాక్కారిశ్శి అనే జానపద నాటకంలో ఆరితేరిన నటి. సరోజిని మాత్రం నాయరు స్త్రీ. దళిత యువతి నాయరు స్త్రీగా తెరపై కనిపించడాన్ని నాటి అగ్రవర్ణాలు సహించలేదు. తిరువనంతపురంలోని క్యాపిటల్ థియేటరులో చిత్రం ప్రారంభమైనది. అది 1928లోనా, 1930లోనా అన్న విషయంలో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ ప్రదర్శనకు రోసీని రానీయలేదని చరిత్రకారులు వ్రాశారు. నాయకుడు ఆమె జడలోని పువ్వును ముద్దాడిన దృశ్యం రాగానే ప్రేక్షకులు తెరపై రాళ్లు రువ్వారట. అనంతరం ఆమె గుడిసెకు నిప్పు పెట్టారు. ఆమె ప్రాణభయంతో ఊరు విడిచి తమిళదేశానికి పారిపోయినది. మరల ఏ చిత్రంలోనూ నటించలేదు.

డేనియల్ అప్పులపాలై స్టూడియోను మూసివేశాడు. మరొక చిత్రం తీయలేకపోయాడు, దంతవైద్యమే జీవనాధారమైనది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1వ తేదీననే ఆయన స్వస్థలం అగస్తీశ్వరం తమిళనాట కలిసినది. వృద్ధాప్యంలో ఆయన పింఛనుకై ప్రయత్నించగా ఆ సరిహద్దే అడ్డువచ్చినదని చెబుతారు. పాత్రికేయుడు చేలంగాట్ గోపాలకృష్ణన్ ఆయన కృషిని లోకానికి తెలియజేయడానికి ఎంతో శ్రమించాడు. డేనియల్ 1975లో కన్నుమూశాడు. కేరళ ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారాన్ని 1992లో నెలకొల్పినది. 2013లో కమల్ దర్శకత్వంలో వచ్చిన 'సెల్యులాయిడ్' చిత్రం ఆయన జీవితాన్నే ఇతివృత్తంగా స్వీకరించినది.

రోసీ పేరు తిరిగి వినబడడానికి అంతకంటె ఎక్కువ కాలమే పట్టినది. మలయాళ సినీరంగంలోని స్త్రీలు 2019లో తమ ఫిల్మ్ సొసైటీకి ఆమె పేరు పెట్టారు. అయితే ఆనాటి ఫిల్ము మిక్కిలి సులభంగా మండే పదార్థం. పసితనంలో తానే ఆటగా ఆ రీళ్లను కాల్చివేశానని డేనియల్ కుమారులలో ఒకరు తరువాతి కాలంలో చెప్పారు. సరోజినిగా రోసీ నటించిన ఒక్క దృశ్యమైనా నేడు లభ్యం కాదు.