లండను నుండి ఆస్ట్రేలియాకు

రెండు పట్టణముల నడుమ దూరము ఎన్నటికిని మారదు. ఆ దూరమును దాటుటకు పట్టు కాలము మాత్రము మానవుని జ్ఞానమును, శ్రమను బట్టి మారుచుండును. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల నడుమ సాగిన విమానయానముల చరిత్ర ఇందులకు చక్కని నిదర్శనము.

1919వ సంవత్సరమున ఆస్ట్రేలియా ప్రభుత్వము ఒక పందెమును ప్రకటించెను. ఇంగ్లండు నుండి 30 దినములలో విమానముపై తమ దేశము చేరిన ఆస్ట్రేలియా వైమానికులకు 10,000 పౌనులు బహుమానము. ఓడపై ఆ ప్రయాణమునకు ఆ కాలమున నెలకు మించి పట్టుచుండెను.

రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులును, బెన్నెట్, షియర్సు అను ఇరువురు మెకానిక్కులును నవంబరు 12న లండను చెంతనున్న హౌన్‌స్లో మైదానము నుండి బయలుదేరిరి. వారి విమానమునకు రెండు ఇంజనులుండెను గాని, ఆసనములకు పైకప్పు లేదు. మంచుగాలి వారి ముఖములను కోయుచుండెను. దారిలో కైరో, కరాచీ, ఢిల్లీ, అలహాబాదు, కలకత్తా మొదలగు చోట్ల దిగుచు పోయిరి. దిగినచోటనెల్ల మెకానిక్కులు విశ్రాంతిని మాని యంత్రములను సరిచూచుచుండిరి. కలకత్తాలో విమానము లేచుచుండగా ఒక గ్రద్ద దాని పంకాకు తగిలెను. అదృష్టవశమున ప్రమాదము తప్పెను.

జావా ద్వీపమందలి సురబయ పట్టణమున మరియొక చిక్కు కలిగెను. విమాన చక్రములు బురదలో దిగబడెను. ఎంత ప్రయత్నించినను విమానము కదలలేదు. అప్పుడు అచ్చటి జనులు తమ యిండ్ల వెదురు తడికలను ఊడదీసి మోసికొనివచ్చి బురదపై పరచిరి. ఆ తడికల బాటపై పరుగిడి విమానము ఆకాశమున కెగసెను.

డిసెంబరు 10న వారు ఆస్ట్రేలియా ఉత్తర తీరమందలి డార్విను చేరిరి. సుమారు 18,000 కిలోమీటర్ల ఆ యానమునకు 28 దినములు పట్టెను. అందు గాలిలో గడచినది 136 గంటలే. తక్కిన కాలమంతయు నేలపైననే గడచెను. అదే పందెమున పాల్గొన్న నలుగురు వైమానికులు మార్గమధ్యమున అసువులు బాసిరి. గెలిచిన నలుగురును బహుమానమును సమముగా పంచుకొనిరి. 1922లో రాస్ స్మిత్, బెన్నెట్ ఒక క్రొత్త విమానమును పరీక్షించుచు మరణించిరి.

1947 డిసెంబరులో సిడ్నీ నుండి లండనుకు క్వాంటాస్ సంస్థ నడపిన ప్రయాణికుల విమానము కలకత్తా మొదలగు చోట్ల ఆగుచు నాలుగు దినములలో గమ్యము చేరెను. 2018 మార్చి 24న ఆస్ట్రేలియా పశ్చిమ తీరమందలి పెర్త్ నుండి బయలుదేరిన ఆ సంస్థ విమానము ఎచ్చటను దిగక సుమారు 14,500 కిలోమీటర్లు దాటి 17 గంటలలో లండను చేరెను. అనగా గంటకు సగటున 850 కిలోమీటర్ల వేగము! స్మిత్ సోదరుల వేగము గంటకు 132 కిలోమీటర్లు మాత్రమే.

ఇందొక వింత గలదు. ఆ విమానము సాయంకాలము సుమారు 7 గంటలకు బయలుదేరి, మరునాటి ఉదయము సుమారు 5 గంటలకు లండనులో దిగెను. గడియారములను చూచిన 10 గంటలే యనిపించును. కాని ఆనాడు లండను గడియారము పెర్త్ గడియారముకంటె 7 గంటలు వెనుకబడి యుండెను. ఆ 7 గంటలను కలిపిననే నిజమైన ప్రయాణకాలము తేలును. మరియు అంత యెత్తున పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీచుచుండును. కావున తూర్పునకు పోవు తిరుగు ప్రయాణమునకు సాధారణముగా కొంత తక్కువ కాలము పట్టును.

నేటి ప్రయాణికుడు భోజనముచేసి నిద్రించి లేచునంతలో ఖండములు దాటుచున్నాడు. అతని సుఖప్రయాణమునకు ప్రాణములొడ్డిన వైమానికుల సాహసమును, రాత్రులు మేల్కొనిన మెకానిక్కుల శ్రమయు, పరదేశీయులకై తమ యింటి తడికలను ఊడదీసిన సురబయ జనుల ఔదార్యమును బాట వేసినవి.