ఆమ్ల వర్షం: ఒకరి పొగ, మరొకరి వాన

వర్షం జీవకోటికి ఆధారం. ఆకాశం నుండి పడే నీరు సహజంగా నిర్మలమైనదనే విశ్వాసం మన ప్రజలలో తరతరాలుగా ఉన్నది. కాని ఆ నీరే చెరువులోని చేపకు ప్రాణాంతకమై, పాలరాతిని సైతం తినివేయగలదని పారిశ్రామిక యుగం రుజువు చేసింది. 1852లో రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆంగస్ స్మిత్ ఇంగ్లండులోని మాంచెస్టర్ ప్రాంతపు వర్షపు నీటిని పరీక్షించి, నగరాన్ని సమీపించే కొద్దీ అందులో ఆమ్లత్వం హెచ్చుతున్నట్లు గుర్తించారు. 1872లో వెలువడిన తన గ్రంథంలో ఆయన దీనిని ‘ఆమ్ల వర్షం’ అని పేర్కొన్నారు.

ఆమ్లం ఏర్పడే విధం

స్వచ్ఛమైన వర్షపు నీటికి కూడ స్వల్పంగా ఆమ్లగుణం ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు అందులో కరగడమే ఇందుకు కారణం. ఆమ్లత్వాన్ని పి.హెచ్. అనే మానంతో కొలుస్తారు. ఈ మానంలో 7 తటస్థ స్థితి. అంతకు తగ్గితే ఆమ్లగుణం. సహజమైన వాన నీటి పి.హెచ్. దాదాపు 5.6. ఈ మానంలో ఒక అంకె తగ్గిందంటే ఆమ్లత్వం పది రెట్లు పెరిగిందని అర్థం. కనుక అంకెలలో స్వల్పంగా తోచే మార్పు ప్రకృతిలో స్వల్పమైనది కాదు.

బొగ్గులోను, ముడిచమురులోను గంధకం ఉంటుంది. వాటిని మండించినప్పుడు అది సల్ఫర్ డై ఆక్సైడు వాయువుగా మారుతుంది. విద్యుత్కేంద్రాల బాయిలర్లలోను, మోటారు వాహనాల ఇంజన్లలోను గల తీవ్రమైన వేడికి గాలిలోని నత్రజని, ప్రాణవాయువు సంయోగం చెంది నత్రజని ఆక్సైడులు ఏర్పడతాయి. ఈ వాయువులు వాతావరణంలో మార్పులు చెంది గంధకికామ్లం, నత్రికామ్లం అవుతాయి. అగ్నిపర్వతాలు, మెరుపులు కూడ ఇట్టి వాయువులను కొంతవరకు పుట్టిస్తాయి. కాని పారిశ్రామిక ప్రాంతాలలో మానవుని పాత్రయే ప్రధానం. ఈ ఆమ్లాలు వానగానే గాక మంచుగా, పొగమంచుగా కూడ నేలను చేరుతాయి. వాన లేని రోజులలో వాయువు, ధూళి రూపంలో పొడిగానే చెట్లపైన, కట్టడాలపైన వాలుతాయి.

చెరువులు, అడవులు

తమ నగరాలలో పొగ తగ్గించుకొనుటకు ఐరోపా దేశాలు ఎత్తయిన పొగగొట్టాలు నిర్మించాయి. స్థానికంగా గాలి కొంత తేటపడింది. పొగ మాత్రం దూరదేశాలకు ప్రయాణించింది. స్వీడన్, నార్వేల సరస్సులలో చేపలు క్షీణించుటకు ఇతర దేశాల నుండి వచ్చే గంధకమే ముఖ్య హేతువని స్వీడిష్ శాస్త్రజ్ఞుడు స్వాంటె ఓడెన్ 1967లో వెల్లడించారు.

నీటి పి.హెచ్. 5 కంటె తగ్గితే అనేక జాతుల చేపల గుడ్లు పొదగబడవు. పైగా ఆమ్ల జలం మట్టిలోని అల్యూమినియంను కరిగించి సరస్సులలోకి చేరుస్తుంది. అది చేపల మొప్పలను దెబ్బతీసి వాటికి ఊపిరాడకుండ చేస్తుంది. అడవులలో చెట్లకు పోషకాలైన కాల్షియం, మెగ్నీషియం మట్టి నుండి కొట్టుకొనిపోతాయి. చెకొస్లొవేకియా, పోలండ్, తూర్పు జర్మనీల సరిహద్దు కొండలలో 1970, 1980 దశకాలలో స్ప్రూస్ అడవులు విస్తారంగా ఎండిపోయాయి.

తాజ్‌మహల్ చెప్పే పాఠం

పాలరాయి కాల్షియం కార్బొనేటు. గంధకికామ్లం సోకినప్పుడు దాని పైపొర జిప్సంగా మారుతుంది. జిప్సం రాతికంటె మెత్తన. నీటికి కొద్దికొద్దిగా కరిగిపోతుంది. వాన తగలని మరుగు భాగాలలో అది మసిని పట్టుకొని నల్లని పెచ్చుగా మిగులుతుంది. మథురలో చమురు శుద్ధి కర్మాగారం నెలకొల్పదలచినప్పుడు ఆగ్రా కట్టడాల విషయమై ఆందోళన కలగడానికి మూలమిదే. కర్మాగారం 1982లో ఉత్పత్తి ప్రారంభించింది. 1984లో న్యాయవాది ఎం.సి. మెహతా సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1996 డిసెంబరు 30న వెలువడిన తీర్పు ఆ ప్రాంతంలోని 292 పరిశ్రమలను బొగ్గు విడనాడి సహజవాయువుకు మారవలసిందిగా, లేదా తరలిపోవలసిందిగా ఆదేశించింది. తాజ్‌కు హాని కేవలం ఆమ్లం వల్లనే కాదు. ధూళి, మసి కూడ దాని తెల్లదనాన్ని హరిస్తున్నాయి. అయినా ఒక చారిత్రక కట్టడం కోసం ఇంధనాన్నే మార్చుకొమ్మని న్యాయస్థానం చెప్పడం గమనింపదగిన విషయం.

మన నేల ఇచ్చే రక్షణ

ఇంత బొగ్గు మండుతున్న మన దేశంలో ఐరోపావంటి వినాశం ఎందుకు కనిపించలేదు? మన బొగ్గులో బూడిద ఎక్కువైనా గంధకం సాధారణంగా తక్కువ. అంతకంటె ముఖ్యమైన కారణం మన ధూళి. ఉత్తర, పశ్చిమ భారతంలోని సున్నపు ధూళి గాలిలోనే ఆమ్లాన్ని చాలవరకు విరిచివేస్తుంది. అందుచేత అక్కడి వాన నీటి పి.హెచ్. తరచు 5.6 కంటె హెచ్చుగానే ఉంటుంది.

అయితే ఈ రక్షణ అంతటా సమానంగా లేదు. ఈశాన్య రాష్ట్రాల నేలలు, కేరళలోని ఎర్ర నేలలు స్వభావరీత్యా ఆమ్లగుణం కలవి. అదనపు ఆమ్లాన్ని ఓర్చుకొనే శక్తి వాటికి తక్కువ. విశాఖపట్నం, కొడైకెనాల్, అస్సాంలోని మోహన్‌బారి మొదలగు పది కేంద్రాలలో భారత వాతావరణ శాఖ దశాబ్దాలుగా వాన నీటిని పరీక్షిస్తున్నది. కాలక్రమాన పి.హెచ్. తగ్గుతున్న ధోరణి ఈ కేంద్రాలలో అధిక భాగాన కనబడింది. విద్యుత్కేంద్రాల నుండి వెలువడే సల్ఫర్ డై ఆక్సైడుకు 2015 డిసెంబరులో ప్రభుత్వం పరిమితులు విధించింది. గడువు పలుమార్లు పొడిగింపబడి, 2025 జూలైలో అధిక సంఖ్యాక కేంద్రాలకు పొగలోని గంధకాన్ని తొలగించే యంత్రాలను అమర్చే నిబంధన నుండి మినహాయింపు లభించింది. వ్యయానికి, ఆరోగ్యానికి మధ్య సమతౌల్యం ఎక్కడ ఉండాలన్నది ఇంకా చర్చనీయాంశమే.

పొరుగుతో పొత్తు

గాలికి సరిహద్దు రేఖలు లేవు. ఈ సత్యాన్ని గుర్తించి 1979లో ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలు జెనీవాలో ఒడంబడిక చేసుకొన్నాయి. 1985లో హెల్సింకిలో పలు దేశాలు గంధక ఉద్గారాలను కనీసం 30 శాతం తగ్గించుటకు అంగీకరించాయి. నాటి నుండి ఐరోపాలో ఆ ఉద్గారాలు ఎంతగానో తగ్గాయి. అయినా అనేక సరస్సులు నేటికీ పూర్తిగా కోలుకోలేదు. మట్టి ఒకసారి కోల్పోయిన సున్నపు సారం తిరిగి చేరడానికి దశాబ్దాలు పడుతుంది.

దక్షిణాసియాలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక, మాల్దీవులు, వాటితో ఇరాన్, 1998లో మాలే ప్రకటన ద్వారా గాలి కాలుష్యాన్ని కలిసి కొలుచుటకు, కలిసి అరికట్టుటకు సంకల్పించాయి. గంగా మైదానంపై లేచిన పొగ ఏ ఒక్క దేశానిదీ కాదు. దాని ఫలితాన్ని అనుభవించే రైతు సరిహద్దుకు ఏ పక్కనైనా ఉండవచ్చు. ధూళి మనకు కొంత వ్యవధి ఇచ్చింది. నేల సారం పోయిన తరువాత చేసే చికిత్సకంటె, ఈ వ్యవధిలో పొగను పుట్టినచోటనే శుద్ధి చేయడం అన్ని విధాల సులభం, చౌక.