బేస్‌మెంట్‌లో ఆఫీసు పెట్టుకున్నారా? రేడాన్ పరీక్ష చేయించండి

అమెరికాలో ఇంటి నుంచి పనిచేసే మనవాళ్లలో చాలామందికి బేస్‌మెంటే ఆఫీసు. రోజూ ఎనిమిది తొమ్మిది గంటలు అక్కడే కూర్చునేవారు ఆ గదిలో రేడాన్ ఎంత ఉందో తప్పక తెలుసుకోవాలి.

నేలలోని యురేనియం క్షయిస్తూ పోగా పుట్టే వాయువు ఇది. రంగూ వాసనా ఉండవు. పునాది పగుళ్ల నుంచి, సంప్ పంప్ గుంత నుంచి ఇంట్లో చేరుతుంది. దీని నుంచి పుట్టే రేణువులు ఊపిరితిత్తుల్లో అంటుకుని రేడియేషన్‌తో కణాలను దెబ్బతీస్తాయి. దీనివల్ల అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోతున్నారని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. పొగతాగేవారికి ముప్పు మరీ ఎక్కువ.

1984లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు వల్ల రేడియేషన్ అలారం మోగింది. తీరా చూస్తే కారణం ప్లాంటు కాదు, ఆయన ఇల్లు. అక్కడ లీటరు గాలికి దాదాపు 2,700 పికోక్యూరీల రేడాన్ తేలింది. 4 లేదా అంతకు మించితే మరమ్మతు చేయించాలంటుంది ఈపీఏ. 2 నుంచి 4 మధ్య ఉన్నా ఆలోచించమంటుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. హార్డ్‌వేర్ షాపుల్లో కిట్ దొరుకుతుంది. పరీక్షకు 12 గంటల ముందు నుంచి, అది పూర్తయ్యేదాకా తలుపులు, కిటికీలు మూసి ఉంచండి. రాకపోకలకు తలుపు తీసినా ఫర్వాలేదు. కిట్‌ను నేలకు కనీసం 20 అంగుళాల ఎత్తున పెట్టండి. వంటగది, బాత్‌రూమ్ పనికిరావు. గడువు ముగిసిన వెంటనే ల్యాబ్‌కు పంపండి. కిట్‌లో చేరిన రేడాన్ 3.8 రోజుల్లో సగానికి తగ్గిపోతుంది కాబట్టి, ఆలస్యమైతే లెక్క తప్పుతుంది.

ఎక్కువని తేలితే లైసెన్సు లేదా సర్టిఫికెట్ ఉన్న కాంట్రాక్టరును పిలవండి. ఫ్లోర్ కింది నుంచి పైపు వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని ఇంటికప్పు పైకి పంపేస్తారు. పైపు మీద రంగునీళ్లున్న చిన్న యూ ఆకారపు గొట్టం ఉంటుంది. రెండువైపులా నీళ్లు ఒకే మట్టంలో కనిపిస్తే ఫ్యాన్ లాగడం లేదని అర్థం. అప్పుడప్పుడూ దాన్ని చూస్తుండండి. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్షించండి.

ఇల్లు కొనబోతున్నవారు ఇన్‌స్పెక్షన్‌లోనే రేడాన్ పరీక్ష చేర్పించుకోండి. అద్దెకున్నవారు యజమానిని రిపోర్టు అడగండి. పక్కింట్లో తక్కువ ఉందని ధీమా పడకండి, ఇంటింటికీ లెక్క మారుతుంది. దీనికి ముందుగా కనిపించే లక్షణాలు లేవు. పరీక్ష ఒక్కటే దారి, వాయిదా వేయకండి.