ఎవరి వివరములు ఎక్కువగా బయటపడుచున్నవి?

కంప్యూటర్లలో భద్రపరచిన సమాచారము పరుల పాలగుట యనగానే, అది పట్టణవాసులకును, ఖరీదైన ఫోనులు గలవారికిని సంబంధించిన చిక్కు యని పంచాయతీ సభ్యులు పలువురు తలంచుచుందురు. అనేక వ్యాపార సంస్థలకు తమ వివరముల నిచ్చు అట్టివారికి ఆ ముప్పు కలదనుట నిజమే. కాని ఇంటర్నెట్టు నెన్నడును ఎరుగని వృద్ధురాలికిని, కూలివానికిని అది లేకపోలేదు. వారి వివరములను పింఛను కొరకు, కూలి కొరకు, ఇంటి కొరకు వ్రాసికొన్నది ప్రభుత్వ కార్యాలయములే.

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ ఒక నివేదికను ప్రకటించినది. సాంఘిక సహాయ పింఛన్లు, ఉపాధి హామీ, చంద్రన్న బీమా మున్నగు పథకములకు చెందిన నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు ఎవరైనను చూడదగిన స్థితిలో నున్నవని అందు అంచనా వేయబడినది. ఏ దొంగయు తాళము పగులగొట్టలేదు, పట్టికలే తెరచియుండెను. ఆ పట్టికలలోనివారు వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, కూలీలు. సంపన్నుల పేర్లు అందు వెదకినను దొరకుట కష్టము.

భూమి గలవారును దీనికి అతీతులు కారు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజులనుండి వేలిముద్రలను సేకరించి, నకిలీ ముద్రలు తయారుచేసి, వానితో సిమ్‌కార్డులను చెల్లుబాటు చేసికొనుచుండెనని పోలీసులు కనుగొనిరి. రహస్య సంకేతపదమును మార్చుకొనవచ్చును. బొటనవ్రేలిని మార్చుకొనలేము గదా!

ముప్పు సమానమైనను నష్టము సమానము కాదు. ఆధార్ సంఖ్య, వేలిముద్ర ఉన్నచో బ్యాంకు ఖాతానుండి సొమ్ము తీయు పద్ధతి కలదు. చదువుకొన్నవాడు ఫోనులో సందేశము చూచి వెంటనే బ్యాంకునకు తెలుపును. చదువురాని పింఛనుదారునకు, పాసు పుస్తకము వ్రాయించిన నాటికి గాని సంగతి తెలియదు.

ఇట్లని సామాజిక తనిఖీని మానరాదు. పేరు, పనిదినములు, చెల్లించిన మొత్తము గ్రామసభలో చదువవలసినదే. ఆధార్ సంఖ్యతో, ఖాతా సంఖ్యతో అచట పనిలేదు. ఆధార్ సంఖ్యలను బహిరంగముగా ప్రదర్శించుటను 2016 నాటి ఆధార్ చట్టము నిషేధించుచున్నది. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతిని తీసికొనవచ్చును. పనిముగిసిన జిరాక్సులను చించివేయవలెను. అవి పకోడీల పొట్లములగుట మేమెరుగని విషయము కాదు. వేలిముద్రలకు తాళము వేయు సదుపాయమును ఆధార్ సంస్థ కల్పించినది గాని, వేలిముద్ర వేసి పింఛను పుచ్చుకొను వృద్ధులకు ఇది కొంత ఇబ్బందియే. సొమ్ము పోయినట్లు తెలిసిన తక్షణమే 1930 నంబరునకు ఫోను చేయించి, బ్యాంకునకును తెలియజేయవలెను.