మిల్లు కూలీల బీమా: ఏడాది పోయాక బిల్లు వస్తే...

సీజన్ అయిపోయింది, లెక్కలు మూసేశారు. ఇంతలో 'ఇంకా ప్రీమియం కట్టండి' అంటూ బీమా కంపెనీ నుంచి కాగితం వస్తుంది. రైస్ మిల్లు, జిన్నింగు మిల్లు నడిపే రైతు సోదరులు దీనికి కంగారు పడనక్కర్లేదు. అలాగని పక్కన పడేయనూ కూడదు.

పనివారి నష్టపరిహార పాలసీకి ముందు అంచనా కూలి మీద ప్రీమియం కడతాం. గడువు తీరిన నెలలోగా నిజంగా చెల్లించిన కూలి లెక్క ఇవ్వాలన్నది ఈ పాలసీల్లో మామూలుగా ఉండే షరతు. రిజిస్టరు తనిఖీ చేసే హక్కు కంపెనీకి ఉంటుంది. 6 లక్షల కూలికి 12 వేలు కట్టారనుకుందాం. అసలు కూలి 9 లక్షలైతే ఇంకో 6 వేలు కట్టాలి. 4 లక్షలే అయితే 4 వేలు మీకే తిరిగి రావాలి. పన్ను వేరు.

బిల్లు ఆలస్యంగా వస్తే ఏం చేయాలి?

* ఏ ఏడాది పాలసీదో, ఎంత కూలి మీద వేశారో రాతపూర్వకంగా అడగండి.
* మీ రిజిస్టరుతో సరిచూసుకోండి. గుమాస్తాను మిషను పనివాడి కింద లెక్కేశారేమో చూడండి.
* ఆలస్యమైనంత మాత్రాన బాకీ రద్దు కాదు. అయితే సొమ్ముకు దావా వేయడానికి సాధారణంగా 3 ఏళ్లే గడువు.
* నెలలోగా కంపెనీ సరైన జవాబివ్వకపోతే, చిన్న యజమానులు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు.

కూలి తక్కువ చూపిస్తే కలిసొస్తుందనుకోకండి. ప్రమాదం జరిగిననాడు కంపెనీ చూసేది ఆ రిజిస్టరే. అందులో పేరు లేని కూలీకి పరిహారం మీ జేబులోంచే పోవచ్చు. పేరు, పనిరోజులు, కూలి వారం వారం రాయించండి. లెక్క పంపినప్పుడు రసీదు తప్పక తీసుకోండి.